ఏడో జాగ్రత్త

తంగళ్ళపల్లి, సిరిసిల్ల
4 జూన్ 2001

బామ్మర్ది కరుణాకర్‌కు మీ బావ రాజనర్సు రాసేది.

ఇక్కడ మేము ముగ్గురం మంచిగున్నం. మీ అక్క రేణుక ఒక మాట చెప్పుమన్నది: పొద్దుగాల చాయతోని సరిపెట్టుకోకుండ ఇంత తిని దుకాణానికి పోవాల్నట. బిడ్డ మనీషా మూడో తరగతిల పడ్డది. మామ ఎప్పుడస్తడని రోజు అడుగుతది.

ఇగ అసలు సంగతి. సాంచలు వారానికి మూడొద్దులే నడుస్తున్నయి. నువ్వు మరమగ్గాలని రాస్తవ్, మేము సాంచలంటం. నడవనప్పుడు ఏ పేరు పెడితే ఏంది. బాలమ్మ కొడుకు పానం తీసుకున్నది నీకెరుకే. నెల తిరగకముందే షెడ్డు ఆసామి, పోయినాయన నడిపిన నాలుగు సాంచలను పాత ఇనుము కింద అమ్మిండు. లారీల ఎక్కిస్తుంటే నేను గూడ ఒక చెయ్యి ఏసిన. గప్పటి సంది ఆ షెడ్డుల నిలబడబుద్ధి అయితలేదు.

కోరుట్ల పోయి ఏజెంటును కలిసిన. షార్జాల పెద్ద పెద్ద బిల్డింగులకు ఇనుప పైపులు బిగిచ్చే పని. మనిషిని మంచిగనే చూసిండు, చేతులు చూసిండు, ఆఖరికి నా అద్దాలు చూసి నవ్విండు. "మీద పని తమ్మీ. అద్దాలు జారితే కిందున్నోని నెత్తి పలుగుతది. కంపెనీ వాళ్ళు అద్దాలోళ్ళను మొఖం చూసే తోలేస్తరు" అన్నడు. తలుపు దాక వచ్చినంక మల్ల పిలిచి చెవుల చెప్పిండు: కంట్ల పెట్టుకునే లెన్సులుంటయట, అవి పెట్టుకుంటే ఎవనికి తెల్వదట.

నువ్వు జగిత్యాలల కండ్లద్దాల దుకాణంల రెండేండ్ల సంది పనిచేస్తున్నవ్. నీకు తెల్వంది ఉంటదా? ఒక్కటే ఇబ్బంది. నా కండ్లు ఎప్పుడు ఎండిపోయి ఇసుక పోసినట్లుంటయి. గసొంటి కండ్లకు నొయ్యని లెన్సు ఏదన్న ఉంటే చూడు.

గుస్స చెయ్యకు. చేస్తవని తెలుసు, అయినా చెప్తున్న.

మీ బావ
రాజనర్సు


జగిత్యాల
11 జూన్ 2001

బావా,

అందరూ "ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెడతారు. నేను పెట్టను. ఎవరు క్షేమం? బాలమ్మ క్షేమమా? అబద్ధంతో మొదలైన ఉత్తరం నిజంతో ముగియదు.

నీ ఉత్తరాన్ని దుకాణంలోనే చింపేద్దామనుకున్నాను. సిరిసిల్ల నేసిన గుడ్డను దేశమంతా కట్టుకుంటుంది. నేసినవాడు మాత్రం ఎడారికి పోయి పైపులు బిగించాలి. దీన్ని వలస అనకు బావా, ఇది తరిమివేత. కరీంనగర్ బస్టాండులో కొన్న చిన్న పుస్తకాలూ, సభల్లో పంచిన కరపత్రాలూ చదివి చదివి నాకు ఒక్క సంగతి గట్టిగా అర్థమైంది. ఇవాళ అద్దాలు పెట్టుకున్నవాణ్ణి వద్దన్నవాడు రేపు దగ్గేవాణ్ణి వద్దంటాడు, ఎల్లుండి అడిగేవాణ్ణి వద్దంటాడు. నువ్వు అద్దాలు దాచుకుంటే వాడి రూలుకు సంతకం పెట్టినట్టే. సాంచల కార్మికులు నలుగురు కూర్చుంటే నేను వచ్చి మాట్లాడతాను. దరఖాస్తు నేను రాస్తాను. నువ్వు మాత్రం పోవద్దు.

ఇదంతా గొణుగుతూ ఫ్రేములు తుడుస్తుంటే మా దొర, అంటే దుకాణం యజమాని జగన్మోహన్ రావు, "ఏందిరా కరుణాకర్, అద్దాల మీద గంత గుస్స? పలుగుతయి" అన్నాడు. వాళ్ళ తాత పన్నెండు ఊళ్ళను ఏలాడు. ఈయన రెండు బీరువాల ఫ్రేములను ఏలుతున్నాడు. గొంతు మాత్రం తాతదే.

పై సంగతంతా శుక్రవారం రాసి పెట్టాను. పోస్టు చేసేలోపు అక్క ఎస్టీడీ బూత్ నుంచి దుకాణానికి ఫోన్ చేసింది. నువ్వు అడిగిన సంగతి ఆమెకు తెలిసినట్టుంది. లెన్సు మాట ఎత్తలేదు. ఒక్కటే అంది. "తమ్మీ, మీ బావ షెడ్డు నుంచి అచ్చి గోడకు మొఖం పెట్టి పంటుండు. పిలిస్తే పలుకడు. బాలమ్మ కొడుకు గూడ గట్లనే పన్నడట. దూరమన్న పోనియ్యిరా, మనిషి ఉంటే సాలు."

ఫోను పెట్టేసి పోయి, డాక్టరు దగ్గర నీ పేరు రాయించి వచ్చాను.

ఆదివారం పొద్దున్న బస్సుకు రా. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతాను. నా అభిప్రాయం మాత్రం మారలేదు.

కరుణాకర్


తంగళ్ళపల్లి
27 జూన్ 2001

బామ్మర్దీ,

నీ ఉత్తరం ముట్టిన్నాడే మీ అక్కకు చదివి వినిపిచ్చిన. "వీడు ఉత్తరం రాసిండా, మైకుల మాట్లాడిండా?" అన్నది. నేను గోడకు మొఖం పెట్టి పంటున్నని నీకు చెప్పిందని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఇటు మర్రి పంటున్న.

నువ్వు ఆ ఆదివారం పెట్టి పంపిన నమూనా లెన్సు సంగతి రాయుమన్నవ్. పెట్టంగనే హాయిగుంది. బస్సుల కొండగట్టు గుట్ట మీది చెట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టచ్చు, గట్ల కనపడ్డయి. సంబురమైంది. మర్నాడు పెట్టుకుని షెడ్డుకు పోయిన. పగటీలికల్ల కంట్ల పీచు అతుక్కున్నట్లయింది. తీస్తుంటే కంటిపొర సుత వస్తదేమో అన్నట్లు పట్టుకుంది. నాలుగొద్దులు చూసిన, నాలుగొద్దులూ గదే కత.

మీ డాక్టర్ నా కింది రెప్పల కాయిదం ముక్క పెట్టి చూసిండు గద, సగం గూడ తడువలే. "కండ్లల్ల నీళ్ళు లేవు, ఏడ్వవా ఏంది నువ్వు?" అన్నడు. "తీరిక లేదు సారూ" అంటే నువ్వు నవ్వినవ్ గని నేను నిజమే చెప్పిన. సాంచ ముందట రెప్ప ఎయ్యద్దు. రెప్ప ఎయ్యంగ తెగిన పోగు మూరెడు గుడ్డను ఖరాబు చేస్తది. ఇరవై ఏండ్ల సంది రెప్ప ఎయ్యకుండ చూసుడే నేర్చిన. మీద నూలు దుమ్ము. ఫ్యాను ఏస్తే పోగు లేస్తదని ఫ్యాను గూడ ఎయ్యం.

పనిల ఉన్నప్పుడు ఏమేం చేస్తనో అన్నీ రాయుమన్నవ్, డాక్టర్‌కు చెప్పాల్నని. ఏముంటది? పోగును అటిటు మోసే నాడె ఉంటది గద, దాంట్ల నూలు చుట్టిన కండె అయిపోతది. కొత్త కండె పెట్టాలె. నాడె కొసకు చిన్న కన్నం ఉంటది. చేతితోని ఎక్కిస్తే ఆలస్యం. మూతి పెట్టి గుంజి పీలుస్తే పోగు బయటికస్తది. పూటకు వంద మాట్ల చేస్తం. మా పనిల ఏదన్న ఎండినా, ఇరికినా, నాలిక పెట్టుడే. నాలిక తడికి పోగు మాట ఇంటది. పెండ్లాం ఇనకున్నా పోగు ఇంటది అని మా షెడ్డుల సామెత. మీ అక్కకు చెప్పకు.

వేరే లెన్సు ఏమన్న ఉన్నదా? కోరుట్ల ఏజెంటు తొందర పెడుతుండు.

రాజనర్సు


జగిత్యాల
10 జూలై 2001

బావా,

ముందు నాడె సంగతి. మూతితో పోగు పీల్చడం! ఒకడు పీల్చిన నాడెను మరొకడు పీలుస్తాడు, ఒకడి దగ్గు మరొకడికి అంటుతుంది. క్షయ ఎట్లా రాకుండా ఉంటుంది? ఆసామికి ఒక ఇనుప కొక్కెం కొనివ్వడం చేతకాదా? మీ పీల్చుడు మీద నేను కరపత్రం రాస్తున్నాను. సగం అయింది. "నాడె తాగుతున్న నెత్తురు" అని పేరు పెట్టాను.

ఇక లెన్సులు. పది రోజులుగా దుకాణంలోని కంపెనీల కాగితాలన్నీ ముందేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. గట్టి రకం లెన్సు నీ కంటికి ముల్లు, దాన్ని వదిలెయ్యి. నువ్వు పెట్టుకున్నది నీళ్ళు బాగా పట్టే మెత్తటి రకం. పెట్టగానే హాయి, అందుకే దుకాణాల్లో అందరికీ అదే అంటగడతారు. కానీ పొడి కంట్లో దాని నీళ్ళు ఆరిపోతాయి. ఆరగానే అది నీ కంటి నీళ్ళు తాగడం మొదలుపెడుతుంది. చదువుతుంటే నాకు కొందరు మనుషులు గుర్తొచ్చారు, పేర్లు రాయను. నీకు కావలసింది నీళ్ళు తక్కువ అడిగే రకం. మొదట కంట్లో ఏదో ఉన్నట్టు కొంచెం తెలుస్తుంది, కానీ పొద్దుగూకేదాకా మాట మీద నిలబడుతుంది. డాక్టరు కూడా ఇదే మంచిదన్నాడు. అయితే ఎడారి గాలిలో ఏ లెన్సయినా కష్టమే, ఎనిమిది గంటలు మించనీయొద్దు, ఎండినప్పుడల్లా చుక్కల మందు వేసుకోవాలి, అద్దాలు కూడా వెంట ఉండాలి అని మరీ మరీ చెప్పాడు.

ఆరు నెలలకు సరిపడా లెన్సులూ, కడిగే మందునీళ్ళ సీసాలూ, చుక్కల మందూ పార్సిలులో పంపుతున్నాను. జాగ్రత్తలు వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే ముట్టుకో. లెన్సుతో పడుకోకు. నల్లా నీళ్ళు తగలనీయకు. డబ్బాలో మందునీళ్ళు రోజూ మార్చు. నెల నిండగానే పారెయ్యి. కన్ను ఎర్రబడితే ఆ గడియలోనే తీసేసి డాక్టరును చూడు. ఆ ఆరూ కంఠస్థం చెయ్యి.

కంపెనీ కాగితంలో నిజానికి ఏడున్నాయి. ఏడోది ఏమిటో తెలుసా? లెన్సును నోట్లో పెట్టుకోవద్దట, ఎంగిలితో తడపవద్దట! మనమేమన్నా చంటిపిల్లలమా? దొర నా భుజం మీదుగా చూసి, "అన్నీ రాయిరా, ఒక్కటి గూడ ఇడువకు. గసొంటోళ్ళకు ఏం తెల్వదు" అన్నాడు. గసొంటోళ్ళు! నాకు నషాళానికి ఎక్కింది. రాసిన ఏడో వాక్యాన్ని ఆయన ముందరే అడ్డంగా కొట్టేసి, కాగితం మార్చి ఆరే రాశాను. కష్టజీవిని పశువును చేసి మాట్లాడే మాటను నా చేత్తో నా బావకు రాయను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని లోపలికి పోయాడు. గెలిచాననిపించింది.

కరుణాకర్


ముంబై
3 ఆగస్టు 2001

బామ్మర్దీ,

పాసైన. యాభై మందిమి లైన్ల నిలబడ్డం. అద్దాలున్నోళ్ళను ఏరి పక్కకు జరిపిండ్రు, దుకాణంల ఖరాబు టమాటలు ఏరినట్లు. నా దగ్గరికచ్చి దూరంగ గోడ మీది అక్షరాలు చదువుమన్నరు. చదివిన. ఇంగ్లీషు అక్షరాలు గూడ చదివిన. "వెరీ గుడ్" అన్నడు. నలభై ఏండ్లకు నన్ను ఎవడన్న వెరీ గుడ్ అనుడు గదే మొదలు.

నీ కాయిదాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి చొక్క జేబుల పెట్టుకున్న. లెన్సు కొత్తల జెర గుచ్చింది గని నువ్వన్నట్లే ఇప్పుడు పెట్టుకున్న సంగతే యాదికుంటలేదు.

ఎల్లుండి ఇమానం. మీ అక్క బస్సు కాడ ఏడ్వలే, నవ్వలే. మనీషా మాత్రం "నాయినా, నీ అద్దాలేవి?" అని ఒక్కటే అడుగుడు. జేబుల నుంచి తీసి చూపిచ్చిన. "పెట్టుకో, నువ్వు నాయిన లెక్క లేవు" అన్నది.

నువ్వు తంగళ్ళపల్లి పోయి రెండొద్దులు ఉండి రా. ఉపన్యాసం చెప్పకు, ఉత్తగ ఉండు.

రాజనర్సు


షార్జా
21 అక్టోబర్ 2001

బామ్మర్దీ,

నువ్వు రాసిన మూడు ఉత్తరాలు ఒక్కపారే ముట్టినయి. సాంచల కార్మికుల మీటింగుకు పదకొండు మంది వచ్చిండ్రని సంతోషంగ రాసినవ్. పన్నెండోణ్ణి ఇక్కడున్న.

పని మంచిగనే ఉంది. పదో అంతస్తు మీద నిలబడితే సముద్రం కనపడుతది. నాకు కనపడుతదని రాస్తున్న, అద్దాలు లేకుండ! ఎండ సంగతి రాయ, రాస్తే కాయిదం కాలుతది. గాలి మాత్రం ఆగదు. నూలు దుమ్ము నయం, ఇది ఇసుక.

నా రూములనే మల్యాల రమేశ్, కొడిమ్యాల భూమయ్య ఉంటరు. ఇద్దరు కోరుట్ల ఏజెంటు చెవుల చెప్తే లెన్సులు పెట్టుకుని వచ్చినోళ్ళే. ఎవ్వలు వాళ్ళకు జాగ్రత్తలు చెప్పలే, డబ్బాల ఉన్న కాయిదం ఇంగ్లీషుల ఉంది. రమేశ్ ఐతే పండేటప్పుడు గూడ తీసేటోడు కాదు. నీ కాయిదం చూపిచ్చిన. ఇద్దరు కూసుండి బడిపిలగాండ్ల లెక్క దించుకున్నరు. గోడకు అంటిచ్చుకున్నరు. "మీ బామ్మర్ది డాక్టరా?" అని భూమయ్య అడిగిండు. "అంతకన్న పెద్ద చదువు" అన్న.

నువ్వు ఇచ్చిన చుక్కల మందు ఒడిసింది. ఫికర్ చెయ్యకు. ఇక్కడ అడిగితే వేరేదిస్తరు గని మీదికెక్కినంక దిగిరానియ్యరు. లెన్సు ఎండి పట్టుకుంటే నాకు నా ఉపాయం ఉంది. ఇద్దరికి గూడ నేర్పిన. మంచిగ పనిచేస్తుంది.

మనీషాకు కొత్త బలపం కొనియ్యి. మీ అక్క కండెలు చుట్టుడు బంద్ చేసిందా? ఆ దుమ్ముకు పట్టిన దగ్గు తగ్గిందా? నాకు మంచిగనే ఉందని రాస్తది, గందుకే నిన్ను అడుగుతున్న.

రాజనర్సు


జగిత్యాల
12 నవంబర్ 2001

బావా,

నా కాగితం షార్జా గోడ మీద అంటిందా! ఆ మాట చదివి దుకాణంలో కస్టమర్ల ముందే గట్టిగా నవ్వాను. దొరకు కూడా వినిపించాను. "మంచిది" అన్నాడు. చూశావా, ముగ్గురు కార్మికులు తెలుగులో ఆరు మాటలు చదివి తమ కళ్ళు తాము కాపాడుకుంటున్నారు. కరపత్రం బలం అదే.

అక్కకు దగ్గు తగ్గింది. నిజంగానే తగ్గింది, నేను రెండు రోజులు ఉండి చూసి వచ్చాను. ఉపన్యాసం చెప్పలేదు. చివరి రోజు కొంచెం చెప్పాను.

కోరుట్ల నుంచి ఒకాయన సెలవు ముగించుకుని షార్జా వస్తున్నాడు. ఆయన చేతికి చుక్కల మందు ఇచ్చి పంపుతున్నాను. ఇంతకూ నీ ఉపాయం ఏమిటి? రాయి. పనికొచ్చేదైతే ఇక్కడివాళ్ళకూ చెబుతాను.

కరుణాకర్


షార్జా
8 జనవరి 2002

కరుణాకర్ తమ్మునికి,

నేను మల్యాల రమేశ్‌ను. మీ బావ చెప్తుంటే రాస్తున్న. ఆయన రాసుకోలేడు, రెండు కండ్లకు పట్టీ కట్టిండ్రు, ఒకటి కదిలితే రెండోది కదులుతదట. ఆయన మాటల్నే రాస్తున్న.

బామ్మర్దీ, మీ అక్కకు ఇప్పుడే చెప్పకు.

డిసెంబర్ ఆఖరుల కుడి కన్ను ఎర్రగైంది. నీ కాయిదంల ఆరో మాట చూసి అదే గడియల తీసేసిన. డాక్టర్ దగ్గరికి పోత అంటే ఫోర్‌మన్ "రేపు, రేపు" అని మూడొద్దులు ఆపిండు. మూడో రోజు పొద్దున లేస్తే వెలుతురే కత్తి లెక్క గుచ్చింది. దవాఖానల తోలిండ్రు. నల్లగుడ్డు మీద పుండు అయిందట. మానుతది గని అక్కడ తెల్లగ పువ్వు పడుతదట. కుడి కంటికి ఇగ మంచు తప్ప ఏం కనపడదు అన్నరు.

డాక్టర్ అడిగేవన్ని మలయాళం నర్సమ్మ హిందీల అడిగింది. చేతులు కడుగుతవా? కడుగుత. లెన్సుతో పంటవా? పండ. నల్లా నీళ్ళు? తగలనియ్య. నెలకు మారుస్తవా? మారుస్త. ఆమె అన్నిటికి తలకాయ ఊపింది. ఆఖరికి అడిగింది: "నోట్ల పెడతవా?"

పెడత అన్న. మీద గాలికి లెన్సు ఎండి పట్టుకుంటది. తీసి, నాడె లెక్క ఒక్కపారి నాలిక మీద పెట్టుకుంటే మెత్తగైతది, మల్ల పెట్టుకుంట. రోజుకు నాలుగైదు మాట్ల. గదే నా ఉపాయం. నువ్వు అడిగితే రాద్దామనుకున్న, పనిల పడి మరిచిన.

ఆమె మొఖం ఎట్లయిందో నాకు కనపడలే. గా ఎంగిలితోనే పుండైంది అన్నది. గప్పుడు తెలిసింది.

చుక్కల మందు సీసా ముట్టింది. నా ఉపాయం ఉంది గద అని మూత గూడ తియ్యలే.

(బామ్మర్ది కాయిదం తప్పు లేదు అని రాయి అంటుండు మీ బావ. రాసిన. రమేశ్)


జగిత్యాల
30 జనవరి 2002

బావా,

ఈ ఉత్తరం ఏడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి ఫోర్‌మన్ మీద రాశాను. మూడు రోజులు ఆపిన వాడి మీద నాలుగు పేజీలు. రెండోసారి అద్దాలు వద్దన్న కంపెనీ మీద, ఆ తర్వాత ఏజెంటు మీద, ఆసామి మీద. అన్నీ నిజమే. అన్నీ చింపేశాను. ప్రతి ఉత్తరంలోనూ చివరి పేజీకి వచ్చేసరికి రాయాల్సిన మనిషి ఒకడే మిగులుతున్నాడు.

పోయిన జూలైలో నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చూడు. నీ దగ్గర లేకపోయినా నాకు కంఠస్థమే. కంపెనీ కాగితంలో ఏడో జాగ్రత్త ఉంది. నేను కొట్టేశాను. కొట్టేసి గొప్పగా నీకే రాశాను. నువ్వు నాలిక మీద పోగు తడుపుతావని దానికి రెండు వారాల ముందే నాకు రాశావు. ఆ నాడె మీద కరపత్రం రాసినవాణ్ణి, రెండు వందల కాపీలు పంచినవాణ్ణి, నాడె పీల్చే నోటికే లెన్సు అందుతుందని చూడలేకపోయాను. ఆ కరపత్రమూ, ఆ జాగ్రత్తల కాగితమూ ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో రాశాను బావా.

దొరకు చెప్పాను. "నేను చెప్పిన గదరా" అంటాడనుకున్నాను. అంటే కొట్టేవాణ్ణేమో. ఆయన స్టూలు జరిపి "కూసో" అన్నాడు. ఆయన చెప్పిన తీరు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. కానీ చెప్పిన మాట నిజం. తీరు మీది కోపంతో మాటను పారేశాను. పారేసింది నా కన్ను కాదు.

అక్కకు నేనే చెప్పాను. వద్దన్నావు, కానీ దాచడం నా వల్ల కాలేదు. ఆమె చుట్టుతున్న కండెను పక్కన పెట్టింది. "ఉన్నడు గద" అంది. అంతే.

నన్ను తిట్టు. కాగితం తప్పు లేదని రమేశ్‌తో రాయించావు, ఆ ఒక్క వాక్యం నేను చదవలేకపోతున్నాను. నువ్వు చెప్పు. అది రాసి ఉంటే మానేవాడివా?

కరుణాకర్


షార్జా
19 ఫిబ్రవరి 2002

బామ్మర్దీ,

నా చేతితోనే రాస్తున్న. ఎడమ కంటికి అద్దం పెట్టుకున్న. గీతలు వంకర పోతే సర్దుకో.

నువ్వు అడిగినదానికి "రాసినా ఇనకపోదును, మా అలవాటు గట్లున్నది" అని రాద్దామని రెండొద్దులు కాయిదం ముందట కూసున్న. నీకు కడుపు సల్లగైతది గద అని. రాలే.

రాస్తే మానుదును. నువ్వు రాసిన ఆరింట్ల ఒక్కటి తప్పలే. లెన్సుతో ఒక్క దినం పన్లే. నెల నిండినవి, మంచిగ కనపడుతున్నా పారేసిన, పారేస్తుంటే పక్కోళ్ళు తిట్టిండ్రు. నువ్వు రాసినవంటే నాకు గంతే. ఏడోది గూడ నువ్వు రాస్తే నాలిక కోసుకుందును గని లెన్సు పెట్టకపోదును. గది నిజం. నిజంతో ముగియాలె అన్నవ్ గద ఉత్తరం.

జూలై ఉత్తరం నా దగ్గరనే ఉంది. కొట్టేసిన అని నువ్వు రాసినప్పుడు నేను గూడ నవ్విన, నాలిక్కి నూలు రుచి ఉండంగనే నవ్విన. నోట్ల పెట్టద్దంటే మింగద్దని చెప్తున్నరనుకున్న. ఎంగిలి అని నువ్వు రాసినా, పోగుకు పెట్టేది ఎంగిలి అని మేము ఎన్నడనుకున్నం? నువ్వు ఒక్కనివే పలగ్గొట్టలే ఆ కన్ను.

ఇగ ఏడ్సుడు బంద్ చెయ్యి, నీతోని పనుంది.

రమేశ్, భూమయ్య ఇంక నోట్ల పెడుతనే ఉన్నరు. నేర్పింది నేనే. ఇప్పుడు వద్దురా అంటే ఇంటలేరు. "నీకు దిష్టి తాకింది అన్నా, మాకేం కాలే" అంటడు రమేశ్. నా కన్ను చూసి, పట్టీ కాడ కూసుండి నీకు ఉత్తరం రాసినోడే గట్లంటుండు. భూమయ్య ఐతే గోడ మీది కాయిదం చూపిచ్చి, "మీ బామ్మర్ది కాయిదంల ఏడున్నది చూపియ్యి, దాంట్ల ఉంటే మానుత" అంటడు. నేను పెన్నుతో కింద రాస్త అంటే చెయ్యి పట్టుకున్నడు. "నీ రాత కాదు, ఆయన రాత గావాలె" అన్నడు.

నన్ను వచ్చే నెలాఖరుకు ఇంటికి తోలుతరు. ఒంటికన్నోణ్ణి మీదికెక్కనియ్యరు. మల్ల ఆ షెడ్డే. సాంచలు రెండొద్దులు నడుస్తున్నయని మీ అక్క రాసింది. ఒక్క కంటితోని పోగు చూస్త, నాడె ఎక్కిచ్చుటానికి మనీషాతోని కొక్కెం చేపిస్త అని చెప్పు. గోడకు మొఖం పెట్టి పండనని గూడ చెప్పు. పంటే కుడిపక్క పంట, ఆ దిక్కు ఎట్లైనా కనపడదు.

నేను పోకముందే రాసి పంపు. పెద్ద అక్షరాలతోని రాయి. మాఫీ గీఫీ ఏం రాయకు, జాగ ఉండదు.

మీ బావ
రాజనర్సు


జగిత్యాల
27 ఫిబ్రవరి 2002

రాజనర్సు బావకు, మల్యాల రమేశన్నకు, కొడిమ్యాల భూమన్నకు.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు క్షేమంగ ఉండాలె.

ఏడోది. లెన్సును నోట్ల పెట్టద్దు. ఎంగిలి తగలద్దు. మీద ఉన్నప్పుడు ఎండితే తీసి డబ్బాల పెట్టుండ్రి, అద్దాలు పెట్టుకోండ్రి, తోలేస్తే తోలెయ్యనియ్యుండ్రి.

ఈ మాట కంపెనీ కాయిదంల మొదటి నుంచే ఉంది. కొట్టేసింది నేను. పాత కాయిదం పక్కన పెట్టి చూసుకోండ్రి, అది రాసిన చెయ్యే ఇది.

కరుణాకర్